లెక్కకొచ్చిన మంద

మా నాయిన బీరన్నను ఎవరైనా "గొర్లు ఎన్నున్నయే?" అని అడిగితే, "ఏమున్నయ్, నాలుగు పిల్లలున్నయ్" అంటాడు. నాలుగు కాదు, నలభై కాదు, నూటికి పైమాటే. అయినా దాన్ని ఎవరూ అబద్ధమనరు. మా కురుమోళ్లలో మంద లెక్క నోటితో చెప్పకూడదు. చెబితే కన్ను పడుతుంది, ఈనిన పిల్లలు నిలవవు. మంద బాగుందని కూడా అనకూడదు. మంచి మాట ఏదైనా ఉంటే అది పక్కవాడి మంద గురించే. చిన్నప్పుడు నేను దొడ్డి దగ్గర నిలబడి వేలుతో పిల్లల్ని లెక్కపెడుతుంటే మా అమ్మ బీరమ్మ, మేం అవ్వ అంటాం, వచ్చి నెత్తిన ఒక్కటిచ్చింది. ఎందుకు కొట్టిందో చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ రాలేదు.

వినేవాళ్లకు తెలుసు కాబట్టి ఈ పద్ధతితో ఎవరికీ ఇబ్బంది లేదు. మా ఊరు దొడ్లగూడెం, కట్టంగూర్ నుంచి ఆటోలో అరగంట. కోతలయ్యాక అమరేందర్ పటేలు తన పొలంలో మంద పెట్టించుకోవడానికి మా ఇంటికి వచ్చేవాడు. వారం పాటు గొర్రెలు పొలంలో పడుకుంటే వాటి పెంటతో నేలకు బలం, అందుకు ప్రతిగా మాకు వడ్లు. "ఎన్నొస్తయ్ బీరన్నా?" అని అడిగేవాడు పటేలు. "ఏమున్నయ్ పటేలా, ఏం లేవు" అనేవాడు నాయిన. పటేలు తలూపి వెళ్లి, పెద్ద మందకు సరిపడా వడ్లు పక్కన పెట్టించేవాడు. ఎంత గట్టిగా లేవంటే అంత పెద్ద మంద అని అతనికి తెలుసు. మా తాత కాలం నుంచీ ఇలాగే నడిచింది, ఒక్క ఏడూ తేడా రాలేదు.

తేడా నా వల్ల వచ్చింది.

నా పేరు త్రివేణి. నల్లగొండలో ఎం.ఏ. ఎకనామిక్స్ చదివి, 2018లో హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీలో చేరాను. బయటి దేశపు పెద్ద బ్యాంకు ఒకటి ఇక్కడి ప్రాజెక్టులకు అప్పులిస్తుంది. అప్పిచ్చే ముందు ఆ ఊళ్ల పరిస్థితి ఏమిటో నివేదిక రాసి పంపడం మా ఆఫీసు పని. ఊరివాళ్లు చెప్పింది ఇంగ్లీషులోకి, ఆఫీసు చెప్పింది తెలుగులోకి మార్చడం నా పని.

ఆ ఆఫీసు భాష నాకు మొదట్లో పిచ్చిపిచ్చిగా నచ్చింది, దాచుకోవడం ఎందుకు. అక్కడ ఎవరి భూమీ పోదు, భూమి "అందుబాటులోకి వస్తుంది". ఎవరూ కులవృత్తి వదిలి కూలికి పోరు, "పరివర్తన చెందుతారు". గొర్రెలు మేసే నేల "నిరుపయోగ భూమి". వృద్ధి అన్న మాట లేకుండా పేజీ తిరగదు. సమ్మిళిత వృద్ధి, సుస్థిర వృద్ధి, హరిత వృద్ధి, పెళ్లి విస్తట్లో పప్పులాగా ఏది వడ్డించినా దాని పక్కన అది ఉండాల్సిందే. నేను ఒక నోట్‌బుక్ పెట్టుకుని ఈ మాటలన్నీ రాసుకునేదాన్ని. ఢిల్లీ నుంచి వచ్చిన అధికారులు ఇంకో దేశం నుంచి వచ్చిన అధికారులతో అవే మాటలు మాట్లాడుతుంటే, ఎంత దూరపు వాళ్లు ఎంత బాగా అర్థం చేసుకుంటున్నారో అని ముచ్చటపడేదాన్ని. మా ఇంట్లో పెరిగిందన్న మాట నోట రాకూడదు. అక్కడ పెరిగిందని నోటితో అంటే తప్ప ఏదీ ఉన్నట్టే కాదు. ఈ రెండింటి మధ్య నిలబడి జీతం తీసుకుంటున్నానని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

2021 జులైలో మా ఊరి ఫైలే మా ఆఫీసుకు వచ్చింది. ఊరికి పడమట ఆరు వందల పన్నెండు ఎకరాల సర్కారు నేల ఉంది. మేం దాన్ని పెద్దకంచ అంటాం. రాళ్లు, తుమ్మలు, రేగు పొదలు, వానలు పడితే మోకాలెత్తు గడ్డి. అక్కడ సోలార్ పార్కు పెట్టాలని ప్రతిపాదన. కంచ పోతే మంద పోయినట్టే. యాసంగి కోతల తర్వాత మంద ఎక్కడైనా బతుకుతుంది, పొలాలన్నీ ఖాళీగా ఉంటాయి, పటేళ్లే పిలుస్తారు. వానకాలం నాలుగు నెలలు మాత్రం ఎటు చూసినా పత్తీ వరీ ఉంటాయి. అప్పుడు గొర్రె కాలు పెట్టడానికి పెద్దకంచ తప్ప వేరే జాగా లేదు. ముప్పై ఒక్క కుటుంబాలు ఆ నాలుగు నెలల మీదే బతుకుతున్నాయి.

నివేదిక రాసేది గ్లోరీ మేడమ్. సికింద్రాబాద్‌లో పుట్టి, చదువంతా బయట చదివి వచ్చిన మనిషి. తెలుగు నాలుగు ముక్కలు వచ్చు, కూరగాయలు కొనడానికి సరిపోతుంది. చెడ్డ మనిషి కాదు. మా అవ్వకు కంటి ఆపరేషన్ అయితే దవాఖానకు వచ్చి పండ్లు ఇచ్చి వెళ్లింది. ఉద్యోగంలో చేరిన రోజే నాకు ఒక నియమం చెప్పింది. "వాళ్లు ఏమన్నారో అదే చెప్పు త్రివేణీ. నీ అభిప్రాయం కలపకు. అనువాదకురాలు కిటికీ అద్దంలా ఉండాలి." ఆ మాట నాకు గొప్పగా అనిపించి నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకున్నాను.

మా కురుమ సంఘం బిల్డింగులో మీటింగు పెట్టారు. చాపల మీద పెద్దమనుషులు, ముందర కుర్చీల్లో గ్లోరీ మేడమ్, నేను, ఒక పక్క కెమెరా. సంఘానికి మా నాయినే పెద్ద. నేను మేడమ్ పక్కన కుర్చీలో కూర్చుంటే కింద కూర్చున్న నాయిన నన్ను ఓసారి చూసి తల దించుకున్నాడు. గర్వం వస్తే అలాగే తల దించుకుంటాడు.

"ఈ భూమి నుంచి మీ కుటుంబాలకు ఏం వస్తోంది?" అని అడిగింది మేడమ్. నేను తెలుగులో అడిగాను.

నాయిన గొంతు సవరించుకున్నాడు. "ఏమొస్తది మేడమ్. ఏం రాదు. రాళ్లు, తుమ్మముండ్లు. వానలు వడ్డంక జర గింత గడ్డి మొలుస్తది, గంతే."

పక్కన శ్యామలమ్మ అందుకుంది. భర్త పోయాక ఒంటి చేత్తో మందను రెండింతలు చేసిన మనిషి ఆమె. "మాకేడికెళ్లొస్తది బిడ్డా. పాములు, తేళ్లు తప్ప ఏమున్నయ్ గాడ. ఏదో నాలుగు పిల్లలను తోలుకొని తిరుగుతున్నం."

అందరూ తలలూపారు. ఒకరి తర్వాత ఒకరు, ఏం లేదు, ఏం రాదు, ఏదో బతుకుతున్నం. నేను ప్రతి మాటా ఇంగ్లీషులోకి మార్చాను. ఒక్క ముక్క కలపలేదు, ఒక్క ముక్క వదలలేదు. మేడమ్ చకచకా రాసుకుంది. ఆ గదిలో ఉన్నవాళ్లందరికీ దాని అర్థం తెలుసు, రాసుకుంటున్న మనిషికి తప్ప. తెలియజెప్పగలిగింది నేనొక్కదాన్నే. ఎందుకు చెప్పలేదంటే నియమం అడ్డొచ్చిందని చాలా రోజులు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి సిగ్గు. కెమెరా ముందు, కుర్చీలో కూర్చుని, మావాళ్లు కన్ను పడుతుందని భయపడి లెక్క చెప్పరండీ అని ఇంగ్లీషులో అనడానికి నాకు సిగ్గేసింది. ఆ నెలలోనే నా ఉద్యోగం పర్మనెంటు చేస్తామన్నారు.

తిరుగు దారిలో కారులో ఉండబట్టలేక నోరు విప్పాను. "మేడమ్, వాళ్లకు ఆ కంచ మీద చాలానే వస్తుంది. అలా చెప్పడం మా పద్ధతి."

"తక్కువ చేసి చెప్పారా? ఎంత తక్కువ చేశారు?" అని అడిగింది ఆమె. కోపం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. "ఎన్ని గొర్రెలున్నాయి?"

నాకు తెలియదు. పుట్టిన దగ్గర్నుంచి ఆ మంద మధ్యే పెరిగాను, మా ఇంట్లో ఎన్నున్నాయో నాకు తెలియదు.

"అంకెలుంటే తెచ్చివ్వు, అనుబంధంలో పెడతాను. అంకె లేనిదాన్ని బ్యాంకు చదవదు. పదిహేను రోజులు టైముంది" అంది మేడమ్.

ఆ శనివారమే ఊరికి వెళ్లాను. నాయిన గొంగడి పరుచుకుని అరుగు మీద కూర్చున్నాడు. జరిగింది చెప్పాను. మీరు ఏం రాదన్నారు, ఆమె ఏం రాదని రాసుకుంది, కంచ ఖాళీగా పడి ఉందని నివేదికలో వస్తుంది అన్నాను. నాయినకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నా వైపు తిరిగాడు.

"మేం గామెతోని మాట్లాడినమా బిడ్డా? నీతోని మాట్లాడినం. మన పిల్ల గూసున్నది, మనమేమన్నా సరిగ్గ జెప్తదనుకున్నం. నీకు తెల్వదా?"

ఆ మాట నుంచి తప్పించుకోవడానికే అన్నట్టు బ్యాగులోంచి నోట్‌బుక్ తీశాను.

"ఇప్పుడు లెక్క ఇస్తే ఆగుతది నాయినా. ఎవరికెన్ని ఉన్నయో ఎంచి కాయితం మీద రాసిస్తే కంచ మనకే ఉంటది" అన్నాను. అంత నమ్మకంగా ఎలా అన్నానో! నోట్‌బుక్‌లో మాటలు రాసుకున్నంత మాత్రాన వాటిని ఆడించేవాళ్లలో నేనూ ఒకదాన్ననుకున్నాను కాబోలు.

అవ్వ లోపలి నుంచే అరిచింది. "మందను ఎంచుతరా? మీ నాయిన నాయిన గూడ ఎంచలే. పిల్లలు నిలుస్తయా ఇంట్ల?"

నాయిన రెండు రోజులు మంద వెంటే తిరిగాడు. మూడో రోజు సంఘానికి పోయి మిగతా ముప్పై ఇళ్లవాళ్లనూ ఒప్పించాడు. ఎలా ఒప్పించాడో శ్యామలమ్మ నాకు చెప్పింది. "నా బిడ్డ సదువుకున్నది, నా బిడ్డ మాట మీద ఎంచియ్యుండ్రి. ఏమన్నయితె నాదే పూచీ" అన్నాడట.

తెల్లవారి మా మందతోనే మొదలుపెట్టాం. అవ్వ తలుపు వేసుకుని కూర్చుంది, లోపల ఎండు మిరపకాయల పొగ. నాయిన దొడ్డి తడిక తీసి, గొర్రెలు ఒక్కొక్కటే బయటికి రావడానికి సందు చేసి, మొహం గుట్టల వైపు తిప్పుకుని నిలబడ్డాడు. "నువ్ ఎంచు. నేను సూడ" అన్నాడు. నేను ఒక్కోదానికి ఒక్కో గీత గీశాను. చివరి పిల్ల బయటికొచ్చాక, "అయిందా?" అని అడిగాడు. అయిందన్నాను. "నాకు జెప్పకు" అని మంద వెంట నడిచిపోయాడు. నూట నలభై మూడు.

వారం రోజుల్లో ముప్పై ఒక్క ఇళ్లూ ఎంచాను. ప్రతి ఇంటి మగవాడూ మొహం తిప్పుకుని నిలబడ్డాడు. శ్యామలమ్మ మాత్రం కొంగుతో కళ్లు మూసుకుంది. మొత్తం రెండు వేల ఎనిమిది వందల అరవై నాలుగు. ఆ అంకె వేసిన రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు, సంతోషంతో. ఆఫీసులో మేడమ్ కూడా సంతోషించింది. "ఇదీ పని అంటే" అని భుజం తట్టింది.

డిసెంబరులో నివేదిక వచ్చింది. మూడో అధ్యాయంలో ఇలా ఉంది: ఈ భూమి నుంచి తమకు ఎలాంటి ఆదాయమూ రావడం లేదని స్థానిక పశుపోషకులే తెలిపారు. ఐదో అధ్యాయంలో ఇలా ఉంది: ఎకరానికి రెండు గొర్రెలకు మించి భరించలేని నేల మీద దాదాపు ఐదు గొర్రెలు మేస్తున్నాయి, అతిమేత వల్ల భూమి క్షీణిస్తోంది, పార్కు రాకతో ఈ ఒత్తిడి తగ్గుతుంది.

రెండు అధ్యాయాలూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. కంచ నుంచి మాకు ఏమీ రాదు. కంచను మేం తినేస్తున్నాం. రెండూ మా నోటి నుంచి వచ్చినవే, రెండూ నా చేతి మీదుగా వెళ్లినవే. ఏమీ లేదంటే భూమి ఖాళీ అయింది, ఉందంటే భూమికి బరువయ్యాం. ఆ మంద నాలుగు నెలలే కంచలో ఉంటుందని, మిగతా ఎనిమిది నెలలూ పొలాల్లోనే తిరుగుతుందని నేను కింద రాశాను. అది ఏ గడిలోనూ పట్టలేదు, తీసేశారు.

మేడమ్ గదికి వెళ్లి అడిగాను. నా గొంతు లేచింది. "మూడూ ఐదూ ఒకదానికొకటి పొసగవు మేడమ్. ఏమీ రాని చోట అంత మంద ఎలా ఉంటుంది?"

"అది వాళ్ల అభిప్రాయం, ఇది కొలత. రెండూ ఉంటేనే నివేదికకు తూకం" అంది. తర్వాత కళ్లజోడు తీసి, కొంచెం మెత్తగా అడిగింది. "నిజం చెప్పు త్రివేణీ, మీ ఊరి పిల్లలు గొర్రెలు కాయాలనే కోరుకుంటున్నావా? నువ్వు కాయట్లేదుగా."

ఆ మాటకు నేను లేచి వచ్చేశాను. అది నిజం కాబట్టే అంత మంట పుట్టింది. నేను కాయలేదు. నాయిన కాస్తే నేను చదివాను.

2022 మే చివర్లో కంచ చుట్టూ ఇనుప కంచె వేశారు. జూన్‌లో వానలు పడ్డాయి, ఊరంతా పత్తి గింజలు పెట్టారు. నాయిన మందను హైవే అంచున మేపడం మొదలుపెట్టాడు. పదకొండో రోజు ఒక లారీ మంద మీదికి వచ్చేసింది, తొమ్మిది గొర్రెలు అక్కడికక్కడే పోయాయి. జులైలో మిగిలినవాటిని మోత్కూర్ అంగడికి తోలాడు. నేనూ వెంట వెళ్లాను. కొనే దళారి ఒక్కోదాని వీపు మీద చరుస్తూ, అంగడంతా వినబడేటట్టు ఒకటి, రెండు, మూడు అని ఎంచుకుపోయాడు. నాయిన ఈసారి మొహం తిప్పుకోలేదు. దళారి చివరి అంకె అరిచేదాకా అతని చేతి వైపే చూస్తూ నిలబడ్డాడు. నాకు ఏడుపాగలేదు.

ఆ ఏడాది ముగిసేసరికి ఊళ్లో సగం మందలు పోయాయి. లెక్క పెట్టడం వల్లే ఇలా అయిందన్నారు. ఒక రకంగా అది నిజమే, వాళ్లనుకున్న దారిలో కాదు గానీ. సంఘానికి వేరే పెద్దను ఎన్నుకున్నారు. మా కులదేవుడు బీరప్ప పండుగ నాడు నాయిన అందరి వెనకాల నిలబడి దండం పెట్టుకుని వచ్చేశాడు. పూచీ తనదే అన్నాడు కదా, ఎవరినీ ఏమీ అనలేదు. నన్ను కూడా.

తర్వాత కాంట్రాక్టరు మా ఇళ్ల నుంచి కొందరిని పార్కులో పనికి పెట్టుకున్నాడు. నాయినకు గేటు దగ్గర వాచ్‌మన్ పని దొరికింది. నీలం చొక్కా, మెడలో విజిల్, ఒక ప్లాస్టిక్ కుర్చీ. ఎవరి మేకలైనా కంచె దగ్గరికి వస్తే విజిల్ ఊది తరమాలి. తరిమాడో లేదో నేనెప్పుడూ అడగలేదు.

నేను ఉద్యోగం మానలేదు. మానేశానని చెప్పుకోగలిగితే ఎంత బాగుండేది! అవ్వ మందులు, ఇంటి ఖర్చు అని కారణాలు చెప్పగలను, అవి అబద్ధాలు కూడా కావు. కానీ ఆ కుర్చీ నాకిష్టం, అదీ నిజమే.

2024 జనవరిలో బ్యాంకువాళ్లు పార్కు చూడటానికి వచ్చారు. బయటి దేశం నుంచి ఒక నెరిసిన గడ్డపాయన, ఒక మహిళ, వాళ్ల వెంట గ్లోరీ మేడమ్, నేను. పొద్దున పదకొండు గంటలకు కార్లు గేటు దగ్గర ఆగాయి. మేడమ్ నాయినను చూపించి, ఇతను ఇదివరకు పశుపోషకుడు, ఇప్పుడు నెలజీతం ఉద్యోగి అని పరిచయం చేసింది. అతను నా తండ్రి అని ఆమెకు తెలుసు. ఆ సంగతి చెబితే సమీక్ష నిష్పక్షపాతంగా ఉండదని చెప్పొద్దంది. నేనూ చెప్పలేదు.

గడ్డపాయన ముందుకొచ్చి నవ్వుతూ అడిగాడు. "ఈ మార్పుతో మీ జీవితం ఎలా మెరుగైందో మీ మాటల్లో చెప్పండి."

జవాబు ప్రశ్నలోనే ఉంది. మెరుగవ్వడం ఎలాగూ జరిగిపోయింది, ఎలా అన్నదొక్కటే నాయిన చెప్పాలి. నేను ఉన్నదున్నట్టు తెలుగులో అడిగాను.

నాయిన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. గడ్డపాయన వైపు చూడలేదు, నా వైపే చూశాడు.

"ఒక్క మాట బిడ్డా. నా మాట గాళ్లకు చెప్పకు."

"నాయినా..."

"నువ్ తప్పు జెప్పవ్, నాకెర్కే. ఉన్నదున్నట్టే జెప్తవ్. గని గాడికి వొయినంక అది నా మాట గాదు. లేదంటె లేదని రాసుకున్నరు, ఉన్నదంటె ఎక్కువున్నదని రాసుకున్నరు. ఇగ నేను ఏం జెప్ప. ఇంటికి రా, నీతోని ఎంతసేపైన మాట్లాడ్త. గాళ్లకు మాత్రం చెప్పకు."

"ఏమంటున్నారు?" అని అడిగాడు గడ్డపాయన, ఆసక్తిగా.

ఆరేళ్లలో ఆ ప్రశ్నకు నేను నోరు తెరవలేకపోవడం అదే మొదటిసారి. చెబితే నాయిన మాట తప్పినట్టు, ఇంకేదైనా అల్లితే అబద్ధం. ఊరికే నిలబడ్డాను. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, నాయిన కళ్లలోనూ తిరిగాయి. వచ్చినవాళ్లు మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూశారు. ఆ మహిళ చెయ్యి గుండె మీద పెట్టుకుంది. గ్లోరీ మేడమ్ చల్లగా అంది: "ఇలా ఎవరైనా వచ్చి అడగడం వాళ్లకు అలవాటు లేదు. కదిలిపోయారు."

సమీక్ష నివేదికలో నాయిన ఫొటో వేసి, దాని కింద గీతల పెట్టెలో ఒక వాక్యం పెట్టారు. ఊరి పంచాయతీ దగ్గర, పార్కు గేటు దగ్గర దాన్ని స్థానిక భాషలో బోర్డు మీద రాయించాలని బ్యాంకు నిబంధన. అనువాదం నా టేబుల్ మీదికే వచ్చింది. నేను చేయకపోతే ఇంకెవరైనా చేస్తారు అనుకున్నాను. ఈ మాట అనుకుని లోకంలో ఎంతమంది ఎన్ని పనులు చేశారో తెలియదు గానీ, నేనూ చేశాను. వంకర పెట్టడానికి వీల్లేని శుభ్రమైన తెలుగులో రాశాను.

మార్చిలో ఒక ఆదివారం ఊరికి వెళ్తూ గేటు దగ్గర దిగాను. నాయిన కుర్చీ పక్కనే బోర్డు నిలబెట్టారు. నన్ను చూసి నాయిన లేచి, "గిది నీ రాతనేనా బిడ్డా?" అని అడిగాడు.

"అవ్ నాయినా."

నాయిన నాలుగో తరగతి దాకా చదివాడు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ నా ముందే పైకి చదివాడు. "తన, కొత్త, జీవితాన్ని, గురించి, అడిగినప్పుడు, శ్రీ, బీరన్న, ఆనందంతో, మాట్లాడలేకపోయారు." చదవడం అయ్యాక బోర్డు మీది దుమ్ము వేలితో తుడిచాడు. నేను తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"మంచిగ రాసినవ్. శానా మంచిగుంది" అన్నాడు.

పదో తరగతిలో మండలం ఫస్టు వచ్చినప్పుడు నాయిన "ఏముందిలే" అన్నాడు. ఎం.ఏ. పాసైనప్పుడు, ఉద్యోగం వచ్చినప్పుడు కూడా అంతే. ముప్పై ఏళ్లుగా నా గురించి ఒక్క మంచి మాట ఆయన నోట నేను వినలేదు, విననందుకు నాకెప్పుడూ దిగులు లేదు. మావాళ్లు తమవాటిని మంచివనరు. పరాయివాటినే అంటారు.

ఏదో ఒకటి చెప్పాలని నోరు తెరిచాను. ఈలోపు నాయిన మెడలో విజిల్ సర్దుకుని, నేను ఆఫీసు పని మీద లోపలికి పోవాలేమో అనుకుని, గేటు తీసి పక్కకు తప్పుకుని నిలబడ్డాడు.